అడుగు కనబడే నీళ్లు

మొన్న మా కాలువకు నీళ్లు వదిలారు. బందరులో మా వీధి చివర వంతెన మీద నిలబడి చూస్తుంటే, పగుళ్లిచ్చిన అడుగు మీద మొదట సన్నటి పాయ ఒకటి వచ్చింది. దాని వెనక ఎండుటాకులు, చెత్త, ఒంటి ప్లాస్టిక్ చెప్పు, ఆ తర్వాత అసలు నీళ్లు వచ్చాయి. పాలెక్కువైన టీ రంగు. మధ్యాహ్నానికి అడుగు కనబడకుండా పోయింది. పక్కన నిలబడ్డ పాలాయన, "ఎంత లోతుంటాయంటారండీ?" అని అడిగాడు. ఒకప్పుడైతే అడుగులూ అంగుళాలతో సహా చెప్పేవాణ్ణి. ఆ రోజు "నాకు తెలియదండీ" అన్నాను. నీళ్ల లోతు గురించి నేను నోరు మూసుకుని నాలుగేళ్లయింది. అందుకు కారణం మా బావ, ఆయన కూతురు, నల్లమల అంచున ఎవరూ పెద్దగా వెళ్లని ఒక సున్నపురాయి లోయ.

మా బావ, అంటే మా అక్క భర్త, దివిసీమలో లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. లాకుల దగ్గర కాలువ తలుపులు ఎత్తడం, దించడం, ఏ పూట ఎంత నీరు వెళ్తోందో చూసుకోవడం ఆయన పని. గట్టు మీద నడుస్తూ నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు. నేను పుస్తకాల తర్వాత అంతగా నమ్మింది ఆయన మాటనే. పుస్తకాలను ఎంత నమ్ముతానో కూడా చెప్పాలి. పదో తరగతితో చదువు ఆపి బట్టల కొట్లో గుమస్తాగా చేరినవాణ్ణి. బేరాలుండని మధ్యాహ్నపు రెండు గంటలూ లైబ్రరీలో గడిపేవాణ్ణి. బీరువాల వరసలోనే చదువుకుంటూ వచ్చి, భూగర్భశాస్త్రం దగ్గర మాత్రం రెండేళ్లు ఆగిపోయాను. కాకిని తోలడానికి కూడా మట్టిబెడ్డ తప్ప రాయి దొరకని ఊళ్లో పుట్టినందుకేమో, రాళ్ల గురించి ఎంత చదివినా తనివి తీరేది కాదు. లైబ్రేరియన్ గారు ఆ భూగర్భశాస్త్రం పుస్తకాన్ని నా పేరుతోనే పిలిచేవారు.

నాకు రాని ఈత మా మేనకోడలికి నేర్పింది బావే. లాకుల దిగువన, చీరె ముక్క నడుముకు కట్టి, ఆరో ఏటనే నేర్పాడు. ఆ పిల్లకు పదేళ్లప్పుడు లాకుల దగ్గర ఒకాయన కాలు జారి పడ్డాడు. మా వైపు ఎవరైనా నీళ్లలో పడితే గట్టు మీదున్నవాళ్లు ఆలోచించరు, దూకేస్తారు. బావతో కలిసి పనిచేసే మనిషి కూడా అలాగే దూకాడు. పడినాయన ఆ మనిషి మెడ పట్టుకున్నాడు. మూడో మనిషిగా బావ దిగేసరికి ఇద్దరూ లేరు. ఆ రోజు తర్వాత కూతుర్ని కాలువ వైపు రానివ్వలేదు.

ఆ పిల్ల విజయవాడలో డిగ్రీ చదువుతూ స్నేహితులతో కొండలకు వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత గైడుగా శిక్షణ తీసుకుంది. వాగు వెంట తాళ్లతో లోయలోకి దిగడం, మడుగులు ఈదడం, బండలెక్కి మళ్లీ దిగడం, ఇలా జనాన్ని క్షేమంగా తిప్పుకు రావడం ఆ పని. ఒక సంస్థవాళ్లు ఉద్యోగంలో చేరమన్నారు, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. బావ వద్దన్నాడు. అక్క అటూ ఇటూ చెప్పలేక వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసింది. చివరికి ఆ పిల్ల తండ్రి ఎదురుగా కూర్చుని, "నువ్వు వద్దంటే మానేస్తాను నాన్నా. కానీ చూడకుండా మాత్రం వద్దనకు," అంది. శనివారం తీసుకెళ్లి చూపించమన్నాడు బావ. రాళ్ల గురించి తెలిసిన మనిషి వెంట ఉంటే మంచిదని నేనూ బయల్దేరాను. నన్ను ఎవరూ పిలవలేదన్న సంగతి ఇప్పుడు ఒప్పుకుంటాను.

శనివారం తెల్లవారుతూనే అక్క మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి ప్రార్థన చేసింది. మా ముగ్గురి క్షేమంతో పాటు ఆ తాళ్లు ఎంత పొడవో, ఎక్కడ కడతారో కూడా దేవుడికి వివరంగా చెప్పింది. దారిలో కారు పల్నాడు చేరేదాకా నేను ఆపకుండా మాట్లాడాను. మన ఇళ్లలో కింద పరిచే నాపరాళ్లు ఇటువైపు నుంచే వస్తాయని, సున్నపురాయంటే ఒకప్పటి సముద్రం అడుగేనని, వాననీరు రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ లోయ చేస్తుందని చెప్పాను.

"అయితే ఇదీ సముద్రమేనంటావు," అన్నాడు బావ.

"ఒకప్పుడు, బావా."

"మరి బందరు సముద్రం ఇంటి పక్కనే ఉండగా ఇంత పెట్రోలు పోసి ఈ పాత సముద్రం దాకా రావడమెందుకోయ్?"

మేనకోడలు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా నవ్వింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

లోయ అంచున నిలబడగానే నా మాటలు ఆగిపోయాయి. రెండువైపులా బూడిదరంగు రాయి, మా కొట్లో తానులు పేర్చినట్టు పొరమీద పొరగా లేచి ఉంది. అడుగున వాగు. పైన ఎండ మాడ్చేస్తుంటే కిందినుంచి కుండ మూత తీసినట్టు చల్లగాలి వచ్చింది. తడిరాయి వాసన ఒకటి ఉంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. మేనకోడలు మా తలలకు హెల్మెట్లు, ఒంటికి లైఫ్ జాకెట్లు, నడుముకు పట్టీలు తగిలించి, ఒక్కో బకిలూ రెండేసిసార్లు లాగి చూసింది. తాళ్ల మీద కిందికి దించింది. బావ మారు మాట్లాడకుండా దిగాడు, కానీ ఆ పిల్ల వేసిన ప్రతి ముడినీ చేత్తో తడిమి చూశాడు. కింద ఒక మడుగు దగ్గర ఆగాం. "అవతలికి తాడు కట్టి వస్తాను. నేను చెప్పేదాకా ఎవరూ నీళ్లలో దిగొద్దు, మావయ్యా, నీకే చెప్తున్నా," అని బండ మీదుగా పక్కకు వెళ్లింది.

ఆ మడుగు నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు, ఒక చిన్న చేప నీడ కూడా రాళ్ల మీద కదులుతోంది. మా డెల్టాలో పుట్టినవాడికి నీటి అడుగు కనబడిందంటే అర్థం ఒకటే.

"ఎంత లోతుంటుంది బావా?"

"మోకాటి లోతు. అడుగు కనపడట్లా?" అన్నాడు, నలభై ఏళ్లు నీళ్లు చూసిన మనిషి.

నీళ్లలో ఉన్న వస్తువు పైకి తేలినట్టు కనిపిస్తుందని, గిన్నెలో నాణెం వేసి చూడమని లైబ్రరీ పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. నేను దాన్ని చదవడమే కాదు, మా ఇంట్లో అందరికీ చేసి చూపించాను కూడా. ఆ క్షణాన అది గుర్తు రాలేదు. మడుగులో నిలబడి ఫొటో దిగాలనిపించింది. జాకెట్ ఉంటే పొట్ట లావుగా కనబడుతుందని విప్పి బండ మీద పెట్టాను, బిగుతుగా ఉందని బావ కూడా తనది విప్పేశాడు. ఫోను బావ చేతికిచ్చి, మోకాటి లోతు కోసం ప్యాంటు మడిచి, అడుగు వేశాను.

కాలికి ఏమీ తగల్లేదు. రెండో కాలికీ తగల్లేదు. చల్లదనం తల మీదుగా మూసుకుంది. ఒకసారి పైకి వచ్చాను, బావ ఫోను పడేసి చొక్కా విప్పుతున్నాడు. మళ్లీ మునిగాను. రెండోసారి తేలినప్పుడు, లోయంతా మోగేలా ఒక గొంతు వినిపించింది.

"నాన్నా, దిగకు! అక్కడే ఆగు!"

మా బావను ఆగమన్నవాళ్లను నేను చూడలేదు. ఆగడం అసలే చూడలేదు. ఆయన ఒక కాలు బండ అంచున పెట్టి, చొక్కా సగం విప్పి, అలాగే ఆగిపోయాడు. నా ముఖం ముందు ఎర్రటి సంచి ఒకటి పడింది, దాని వెంట పచ్చటి తాడు. "మావయ్యా, తాడు పట్టుకో! సంచి కాదు, తాడు! వెల్లకిలా తిరుగు!" నేను తిరిగానో, ఆ పిల్ల లాగిన లాగుడుకు తిరిగానో తెలియదు. నా వీపు బండకు తగిలేసరికి దగ్గు, ఏడుపు, సిగ్గు ఒకేసారి వచ్చాయి.

తర్వాత మా ఇద్దరికీ పడ్డాయి తిట్లు. "నేనేం చెప్పాను? జాకెట్ ఎందుకు విప్పావు మావయ్యా? నాన్నా, నువ్వు కూడా దిగుంటే నేను ఇద్దర్ని లాగాలి. ఈయన నీ మెడ పట్టుకునేవాడు, తెలుసు కదా నీకు?" అంది. అంటూండగానే తన నోట్లోంచి వచ్చిందేమిటో తనకే తట్టి ఆగిపోయింది. బావ చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. రెండు బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. ఆ తర్వాత బండ మీద కూర్చుని, తడిసిన తాడును ఆ పిల్ల సంచిలోకి మూరమూరగా కూరుతుంటే, కన్ను తిప్పకుండా చూశాడు.

"చుట్ట చుట్టవేంటమ్మా?"

"చుడితే విసిరినప్పుడు చిక్కు పడుద్ది. ఇలా కూరితే నేరుగా వస్తుంది."

"అప్పట్లో మా దగ్గర ఇదొకటి ఉండుంటే..." అని ఆగాడు. మేనకోడలు పని ఆపి తండ్రి ముఖంలోకి చూసింది. నేను వేరేవైపు చూశాను.

"సోమవారం వాళ్లకి ఫోన్ చేస్తావుగా," అన్నాడు బావ చివరికి. "ఇట్టాంటి సంచులు మనిషికి రెండిమ్మని అడుగు. మీ మావయ్యలాంటోళ్లు ఒకేసారి ఇద్దరు పడితే ఒకటి చాలదు."

అది ఒప్పుకోలని తెలియడానికి ఆ పిల్లకు ఒక నిమిషం పట్టింది. తెలిశాక తాడు వదిలేసి తండ్రి భుజం మీద తల ఆనించింది. ఆయన ఆ తడి హెల్మెట్ మీదే రెండుసార్లు తట్టాడు.

మధ్యాహ్నం ఎండ లోయ అడుగుదాకా దిగాక, బావ తనే జాకెట్ వేసుకుని బకిళ్లు కూతురికి చూపించాడు. ఆ పిల్ల ఆయన్ని మడుగులోకి దించింది. నాకు తెలిసినంతలో, ఆ రోజు లాకుల దగ్గర దిగాక ఆయన మళ్లీ నీళ్లలో దిగడం అదే మొదలు. వెల్లకిలా తేలుతూ, రాతి గోడల మధ్య కనబడే ఆకాశపు చీలికను చూస్తూ ఉండిపోయాడు. ముఖంలో ముడతలు ఎటు పోయాయో తెలియలేదు. చాలాసేపటికి మేనకోడలు ఒడ్డునుంచి, "చాలు నాన్నా, చలేస్తుంది, వచ్చెయ్," అంది. "ఇంకొంచెంసేపు," అన్నాడు బావ, కళ్లు తెరవకుండా. సరిగ్గా అదే మాట, అదే గారంతో, లాకుల దిగువన ఆరేళ్ల పిల్ల నోట ఎన్ని సాయంత్రాలు విన్నానో. పిల్లలు పెద్దవాళ్లవడం ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కనుక మనకు తెలియకుండానే అయిపోతుంది. పెద్దవాళ్లు కాసేపు పిల్లలవడం మాత్రం కాలం చాలా అరుదుగా చూపిస్తుంది, అదీ ఒడ్డున ఓపిగ్గా కూర్చున్నవాళ్లకే.