స్పిరిటు తుడిచిన చెయ్యి

1974 వేసవిలో నన్ను తిరువూరు ప్రభుత్వాసుపత్రికి ల్యాబ్ అటెండెంటుగా వేశారు. గొట్టాలు కడగడం, సీసాలకు చీటీలంటించడం నా పని. టెక్నీషియన్ పోస్టు ఖాళీ కావడంతో పరీక్షలూ నా నెత్తినే పడ్డాయి. ఎనిమిదిలో బడి మానేసినవాణ్ణి. రసాయనాల పేర్లు నోరు తిరక్కపోయినా, ఏది దేంతో కలిస్తే ఏ రంగొస్తుందో తప్పేవాణ్ణి కాదు.

ఒక మధ్యాహ్నం వినగడప వడ్రంగి వీరయ్యను భార్య రిక్షాలో తెచ్చింది. ఊళ్లో ఒక షావుకారి తలుపులకు పాలిష్ పెడుతున్నాడట. వాంతులు, తలనొప్పి, ఎదుటి మనిషి పాలలోంచి కనిపిస్తున్నట్టుందన్నాడు. తాగింది కల్లేనని ఒట్టేశాడు. పాలిష్ స్పిరిటు తాగాడని డాక్టరమ్మగారి అనుమానం. అందులో ఉండే మిథనాల్ ఒంట్లో విషమై చూపు తీసేస్తుంది. మా దగ్గరున్న విరుగుడు, కొలిచి పట్టే బ్రాందీ; అది ఒంట్లో ఉన్నంతసేపూ మిథనాల్ విషంగా మారదు. జబ్బు అది కాకపోతే బ్రాందీ మనిషిని ఇంకా కుంగదీస్తుంది. అందుకే ముందు రక్తం చూడమన్నారు.

రక్తాన్ని పాలలా విరగ్గొట్టి, వడకట్టిన తేటలో పర్మాంగనేటు కలపాలి. పర్మాంగనేటు రంగు పోగొట్టాక ఇంకో పొడి, గాఢమైన సల్ఫ్యూరికామ్లం వేసి వేడిచేయాలి. మిథనాల్ ఉంటే ఊదారంగు తేలుతుంది. పోలికకు పక్కన ఉత్త నీళ్ల గొట్టం పెడతాం. నీళ్లకు రంగు రాలేదు. రక్తం గొట్టం నిగనిగలాడే వంకాయైంది. పరుగున వెళ్లి చెప్పాను.

డాక్టరమ్మగారు బ్రాందీ కొలుస్తుండగా, మంచం పక్కన నేను పడేసిన దూది కనబడింది. సూది గుచ్చేముందు అలవాటుగా చెయ్యి స్పిరిటుతో తుడిచాను. ఆసుపత్రి స్పిరిటులోనూ, ఎవరూ తాగకుండా మిథనాలే కలుపుతారు. నోరు మూసుకుంటే నా పరువు దక్కేది.

"అమ్మా, ఆ రంగు వీరయ్యదో నా దూదిదో చెప్పలేనండి" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. మళ్లీ పరీక్ష చేస్తే ఎంతసేపు పడుతుందని అడిగారు. అరగంటన్నాను. బ్రాందీ పక్కన పెట్టి, ఈలోగా ఒంట్లో ఆమ్లం విరగడానికి సోడా బైకార్బ్ ఎక్కిస్తానని చెప్పి, మళ్లీ రక్తం తీయమన్నారు.

రెండో చేతిని కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి గుచ్చాను.

"కొలత తప్పితే మేమూ చెక్కకు రెండో బెజ్జం కొడతామండీ" అన్నాడు వీరయ్య, కళ్లు మూసుకునే.

ఈసారి వంకాయ రంగు కాదు, లేత ఊదా. కానీ ఊదాయే. ఆ మాట వినగానే వీరయ్య స్పిరిటు తాగిన సంగతి ఒప్పుకున్నాడు. బ్రాందీ మొదలైంది.

"తాగొద్దని నేను పోరుతుంటే, మీరే పోస్తున్నారేంటండీ?" అంది భార్య. గంట గంటకూ గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చి పట్టించమన్నారు డాక్టరమ్మగారు.

వీరయ్య బతికాడు. కుడికన్ను తేరుకుంది, ఎడమకన్ను మసకగానే మిగిలింది. నా అరగంట ఆ కన్ను తీసిందా అని డాక్టరమ్మగారిని అడిగాను. చెప్పలేమన్నారు. ఈనాటికీ నాకూ తెలీదు.

నీళ్ల గొట్టానికి రంగు రాకపోతే నా రసాయనాలు శుభ్రమని అర్థం. రక్తం తీసిన చెయ్యి సంగతి అది చెప్పదు. ఆ తర్వాత ప్రతి రిపోర్టు చీటీ మీదా, చెయ్యి దేంతో తుడిచానో రాసి, దాని కింద ఫలితం రాశాను. అచ్చు ఫారంలో ఆ గడి లేదు. స్కేలు పెట్టి నేనే గీసుకునేవాణ్ణి.