మీటరు నలభై అయిదు

గుడివాడ దగ్గరి పాలిటెక్నిక్‌లో కరీముల్లా, నూకరాజు ఎప్పుడూ ఒకే జట్టు. సర్వే ప్రాక్టికల్స్ రోజున కాలవగట్టు మీద కరీముల్లా ఎత్తుపల్లాలు చూసే లెవెల్ యంత్రానికి కన్ను ఆనించేవాడు. దూరంగా, అంకెలు గీసిన స్టాఫ్ కర్రను నిటారుగా పట్టుకుని నూకరాజు నిలబడేవాడు. ఆ పాత యంత్రంలో లోకమంతా తిరగబడి కనిపించేది. కింద ఆకాశం, పైన నీళ్ళు, మధ్యలో గబ్బిలంలా వేలాడుతూ నూకరాజు.

"బావా, తలకిందులైపోయావ్!"

"నీ చూపే అంత. ఎప్పుడైనా కర్ర లేకపోతే నన్నే కొలుచుకో. నేల నుంచి భుజం దాకా మీటరు నలభై అయిదు. రాసుకో."

కరీముల్లా నవ్వుతూనే పుస్తకం అంచున రాసుకున్నాడు.

డెబ్బై ఏడులో ఇద్దరికీ బొంబాయి కంపెనీ నుంచి కాయితాలొచ్చాయి. పన్నెండంతస్తుల మేడలు కట్టే పని. నూకరాజుకి మనసొప్పలేదు. వాళ్ళది నాగాయలంక అవతల చేపల వేట మీద బతికే పల్లె. అన్నీ తాటాకు ఇళ్ళే.

"మావాళ్ళ నెత్తి మీద ఒక్క స్లాబు వేస్తే చాలు బావా, నా చదువుకి."

"స్లాబు తర్వాత వేద్దువుగాని. ముందు వెళ్ళి మీ అమ్మకి చెప్పి రా" అని కరీముల్లాయే అతన్ని బందరులో బస్సెక్కించాడు. ఆ మర్నాడే ఉప్పెన వచ్చింది.

కంపెనీ చేరే గడువు పొడిగించింది. వేసవిలో కరీముల్లాకి ఇంకో కాయితం వచ్చింది. దివిసీమలో తుఫాను షెల్టర్లు కట్టడానికి సూపర్‌వైజర్లు కావాలట, ఆర్నెల్లకి. చిలకలపూడిలో గిల్టు నగలకి పూత పెట్టే తండ్రి అబ్దుల్ గఫార్ చేతిలో పని ఆపేశాడు.

"ముప్ఫై ఏళ్ళుగా రాగికి పూత పెడుతున్నాను. నువ్వైనా అసలు బంగారం చూస్తావనుకున్నా. ఆర్నెల్ల ముచ్చటకి బొంబాయి వదులుకుంటావట్రా?"

కరీముల్లా రెండు కాయితాలూ జేబులో పెట్టుకుని బయల్దేరాడు. షెల్టరు ఆఫీసువాళ్ళు ప్లాను, లెవెల్, స్టాఫ్ చేతికిచ్చి, చేరేముందు ఒకసారి స్థలం చూసి రమ్మన్నారు. అది నూకరాజు ఊరే.

నూకరాజు తల్లి సత్యవతమ్మ ఇసకలో కూర్చుని వల చిక్కు తీస్తోంది.

"అమ్మా, నీళ్ళు ఎంతెత్తు వచ్చాయి?"

"మీ మీటర్లు నాకేం తెలుసు నాయనా. మావాడు నన్ను భుజాల మీద నిలబెట్టి తాడిచెట్టుకి ఆనించాడు. నీళ్ళు నా మెడ దాకా వచ్చాయి." వలలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "నా మెడ దాకా అంటే, వాడు మొత్తం నీళ్ళ కిందేగా. ఊపిరి లేకుండా ఎంతసేపు మోశాడో. కాళ్ళ కింద భుజాలు ఎప్పుడు జారిపోయాయో నాకు తెలీలేదు."

కరీముల్లా ఆమెను నిలబెట్టి మెడ దాకా కొలిచాడు. మీటరు ముప్ఫై. దానికి పుస్తకం అంచున రాసుకున్న అంకె కలిపాడు. రెండు డెబ్బై అయిదు. ప్లానులో షెల్టరు గచ్చు రెండున్నర మీటర్ల ఎత్తు దగ్గరే ఆగిపోయింది. ఈ కూడిక ఆఫీసులో ఎవరికీ తెలియదు. తను వెళ్ళిపోతే ఎప్పటికీ తెలియదు.

జేబులోంచి చేతికి దొరికిన కాయితం తీసి, వెనకవైపు ఆ అంకె వేశాడు. వేశాక చూస్తే అది బొంబాయి కాయితం. మడిచి ప్లానులో పెట్టి, స్థలం ఎత్తు చూడటానికి లెవెల్ నిలబెట్టాడు.

"కర్ర పట్టుకునే మనిషి లేడా?" అంది సత్యవతమ్మ.

"లేడమ్మా."

"ఇటు తే. వంకర పోకూడదటగా, మావాడు చెప్పేవాడు."

కరీముల్లా యంత్రానికి కన్ను ఆనించాడు. ఆకాశంలోకి తల వేలాడేసి సత్యవతమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పాదాలు పైన ఉన్నాయి. ఆ పాదాలకు పైన, నూకరాజు భుజాలుండాల్సిన చోట, ఒట్టి ఇసక.

"అంకె కనిపించిందా నాయనా?"

"లేదమ్మా. అలాగే ఉండు, కాసేపు."