బయటి కండరం

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఏ హోటల్లో బాత్‌రూమ్ ఉందో, ఏది ఎప్పుడూ తాళం వేసి ఉంటుందో జోగారావు మాస్టారికి తెలుసు. అరవై రెండేళ్ల మనిషి, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో జీవశాస్త్రం చెబుతారు. ప్రోస్టేట్ ఆపరేషన్ తప్పదని డాక్టరు అన్నాడు. నెల రోజులు సెలవు పెడితే ఆయన క్లాసు ఎవరో కుర్ర మాస్టారికి పోతుంది. అందుకే ఆపరేషన్ వాయిదా వేసి, కాఫీ మానేశారు. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగరు, బల్ల మీద మాత్రం నిండు సీసా పెట్టుకుంటారు. క్లాసు మూడో అంతస్తులో, రెండు గంటలు. బాత్‌రూమ్ కింద.

ఆ రోజు పాఠం విసర్జక వ్యవస్థ. చిక్కుడు గింజల్లాంటి రెండు మూత్రపిండాలు, రెండు నాళాలు, కింద సంచిలా మూత్రాశయం. బోర్డు మీద చెయ్యి చకచకా గీస్తోంది, మోకాళ్లు మాత్రం ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. "దీని కింద రెండు కండరాలు ఉంటాయి. లోపలిది మన మాట వినదు. బయటిది పూర్తిగా మన అదుపులో ఉంటుంది," అని నోట్సు చెబుతుండగానే ప్యాంటు వెచ్చగా తడిసింది. ఆయన బోర్డు వైపే తిరిగి నిలబడిపోయారు. తర్వాత సీసా మూత తీసి, తాగబోతే చెయ్యి జారినట్టుగా నీళ్లన్నీ ప్యాంటు మీద ఒంపుకున్నారు. "అయ్యో, పైలం సార్!" అంటూ ముందు బెంచీలోని శ్రీదివ్య కర్చీఫ్ అందించింది. ఎవరూ నవ్వలేదు. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. అంతలో వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"సార్, లాస్ట్ లైన్ మిస్సయింది. జర మళ్లా చెప్పుండ్రి."

మూడొందల పెన్నులు ఆయన నోటి కోసం ఆగాయి.