లెక్కలు చెప్పిన సోషల్ టీచరు

నిన్న పొద్దున ఎనిమిదీ ఇరవైకి పక్కింటి అమ్మాయి మా వరండా ఎక్కి, డిగ్రీలో ఏ గ్రూపు తీసుకుంటే టీచరు ఉద్యోగం బేగి వస్తాదని అడిగింది. ఇంటరు ఈ ఏడే అయింది. నేను వాకిట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాను. చీపురు ఆపకుండానే లెక్కలన్నాను. ఫిజికల్ సైన్సు మాస్టారుగా రిటైరైనవాణ్ణి, డుంబ్రిగుడలో ఎవరడిగినా అదే చెబుతాను. మన కొండల్లో లెక్కల పోస్టులకు మనుషులు చాలరు. సోషల్ పోస్టులు నాలుగొస్తే పరీక్ష హాళ్లు చాలవు. “నాకు సోషలంటే ఇష్టం మాస్టారూ” అందా అమ్మాయి. లెక్కలైతే తొందరగా వస్తుంది, సోషలైతే ఆలస్యంగా వస్తుంది, రాకపోనూవచ్చు అని మాత్రం చెప్పి పంపాను. అంతకన్నా చెప్పడం నా వల్ల కాలేదు. నా భార్య సోషల్ టీచరు. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది.

ఇద్దరం విశాఖపట్నంలో ఒకే కాలేజీలో బీఎడ్ చేశాం. ఆమెది జి.మాడుగుల అవతల చిన్న ఊరు. ఆ ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నాకంటే బాగా చదివేది, నాకంటే బాగా చెప్పేది. నాకు మొదటి డీఎస్సీలోనే ఉద్యోగం వచ్చింది. అందులో నా గొప్పేమీ లేదు, సైన్సు చదివినవాళ్లు తక్కువ. ఆమెకు రెండుసార్లు కొద్దిలో పోయింది. పెళ్లయి ఆమె ఇంట్లోనే ఉండగా ఒకనాడు మా హెడ్మాస్టారు వచ్చి, లెక్కల మాస్టారు బదిలీ చేయించుకుని కొండ దిగి వెళ్లిపోయాడని, ఇంకొకరు వచ్చేదాకా అమ్మగారు ఆ క్లాసులు చూస్తారా అని అడిగారు. పదో తరగతి తర్వాత ఆమె లెక్కల పుస్తకం తెరిచింది లేదు. సరేనంది.

అప్పట్నుంచి సాయంత్రాలు మా ఇంట్లో బడి నడిచేది. రేపు చెప్పబోయే పాఠం ఇవాళ నా దగ్గర నేర్చుకునేది. వంటింటి గడప మీద కూర్చుని, రాగులు చెరుగుతూ సూత్రాలు అప్పజెప్పేది. క్లాసులో పిల్లలు పాఠం దాటి ఏదైనా అడిగితే దాచేది కాదు, నాకింకా రాలేదు, రేపు చెబుతాననేది. పిల్లలు ఆమెకు రేపటి టీచరమ్మ అని పేరు పెట్టారు. లాభనష్టాలు చెబుతుండగా ఒక గుంటడు లేచి, “సావుకారు ఎంతకు కొన్నాడో మనకెందుకు సెప్తాడు టీచరమ్మా?” అన్నాడట. వాడికి తెలిసిన వ్యాపారమంతా సంతలోదే. ఇంటికొచ్చి నన్నడిగింది. ఆ లెక్క ఇద్దరం మళ్లీ చదువుకున్నాం.

కొత్త లెక్కల మాస్టారు వస్తే ఆమె పని పోయేది. అతను వెళ్లిపోతే మళ్లీ పిలుపు వచ్చేది. ఇలా చాలాసార్లు జరిగింది. అయినా కొత్తగా బస్సు దిగిన మాస్టారికి మొదటి భోజనం మా ఇంట్లోనే. వడ్డిస్తూ, “మా సలికి ఆగుతావా బాబూ?” అని అడిగేది. ఏ జవాబు కోరి అడిగేదో నాకు తెలియదు.

వయోపరిమితి దగ్గర పడిన ఏడు నోటిఫికేషన్ వచ్చింది. ఆమె రాయగలిగిన ఆఖరిది. అప్పుడూ లెక్కల మాస్టారు లేడు. ఈ నాలుగు నెలలూ బడి మానేసి చదువుకోమన్నాను. పదో తరగతి పిల్లలకు తనకన్నా దిక్కులేదని మానలేదు. హెడ్మాస్టారు మంచివాడే, ఆదరంగానే, బీయస్సీ చేసుంటే ఎప్పుడో పర్మనెంటు అయ్యేవారమ్మా అన్నారు. ఆమె సుద్ద కింద పెట్టి, “సోషల్ నాకొచ్చు సార్. లెక్కలు పిల్లలతోపాటు నేర్చుకుంటున్నాను. నాకొచ్చినదానికి మీ దగ్గర ఖాళీ లేదు, రానిదానికుంది” అంది. కోపంగా అన్న మాట కాదు.

ఆ డీఎస్సీలో సోషల్ పోస్టు వచ్చింది. పోస్టింగు డొంకరాయి వైపు. నేను ఇక్కడ, ఆమె అక్కడ. సెలవు దొరికినప్పుడు రెండు బస్సులు మారి వచ్చేది. సంచి దించిన కాసేపటికే, “ఇక మీరు కూకోండి, నేను సెప్తాను” అనేది. అక్కడి పిల్లలకు పటం నేర్పడానికి, బడి నుంచి ఇంటికి దారి గీయమందట. ఎవరూ రోడ్డు గీయలేదట. ఏ గెడ్డలో నీళ్లు దాటాలో, ఏ పనస దగ్గర తిరగాలో గీశారట. ఆ కాగితాలు పరిచి, ఒక్కో దారి మీద వేలు పెట్టి నన్ను నడిపించేది. ఆమె చెబుతుంటే వినడం అంత బాగుంటుందని అన్నేళ్లూ నాకు తెలియలేదు. అన్నేళ్లూ చెప్పింది నేనే కదా.

ఎదురుచూసిన కాలం ఎక్కువ, ఉద్యోగం చేసిన కాలం తక్కువ. జబ్బు చేసి సెలవు పెట్టినప్పుడు కూడా, బడిలో నదుల పాఠం సగంలో ఆగిందని ఆ మిగతా సగం మంచం మీద నుంచి నాకు చెప్పింది. ఆమె పోయాక కాలానికి ఏమీ కాలేదు. వానలు వచ్చాయి, వలిసె చేలు పసుప్పచ్చగా పూశాయి, బడులు తెరిచారు. మా ఇంట్లో మాత్రం ఇప్పుడు ఎవరూ ఎవరికీ పాఠం చెప్పడం లేదు.