కేకెయ్యమన్న పిన్ని

మా పక్కింటి పిన్ని పోయి నేటికి పంతొమ్మిది రోజులు. ఆ ఉదయం నేను బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ పోయిందక్కా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అట్టాగే ఒరిగిపోయింది" అన్నాడు. నేను సరే అన్నాను. ఇంకా తొమ్మిది పేపర్లు మిగిలి ఉంటే అవి కూడా దిద్ది, మార్కులు వేసి, కట్ట కట్టి అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో తెలియదు. ఏడుపు ఇంతవరకూ రాలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఇరవై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయింది. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి. టికెట్లు మిషన్లో నుంచి వచ్చే రోజులొచ్చినా, చించే ముందు బొటనవేలు నాలిక మీద అద్దుకునే అలవాటు పోలేదు. నోరు మంచిది కాదనే వాళ్ళు చాలామందే ఉన్నారు. చిల్లర లేదన్నవాణ్ణి ఆమె ఊరికే వదిలేది కాదు.

నేను ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. కొట్టులో నా వంతు దాటిపోయినా అడగలేను. రొంపిచెర్ల దగ్గర బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె బస్సులోనే వెళ్ళేదాన్ని. ఒకరోజు జనం కిక్కిరిసి ఉన్నారు, ఆమె వెనకాల ఎక్కడో ఉంది. "ఆపండి" అనడానికి సిగ్గుపడి, రెండు స్టాపులు ముందుకు పోయి, దిగి, ఎండలో వెనక్కి నడిచాను. సంగతి ఆమెకు ఎలాగో తెలిసింది.

"ఏమే, నిన్న బడి కాడ దిగలేదంట? నోరు పడిపోయిందా?"

"జనం ఉన్నారు పిన్నీ."

"జనం ఉంటేనే గదా అరవాల్సింది! రేపట్నించి ఆ స్టాపు నువ్వే కేకెయ్యి. నేను విజిల్ ఎయ్యను."

అన్నట్టే మూడు రోజులు వెయ్యలేదు. మూడు రోజులూ నేను వెనక్కి నడిచాను. నాలుగో రోజు కళ్ళు మూసుకుని "బడి దగ్గర ఆపండి!" అని అరిచాను. బస్సంతా నా వైపు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం, "నేనూ ఈడే దిగాలమ్మా, మంచిపని చేశావు" అన్నాడు. పిన్ని నా వైపు చూడను కూడా చూడలేదు. విజిల్ వేసింది.

నిరుడు వేసవిలో మరో ఇద్దరు టీచర్లతో కలిసి వియత్నాం వెళ్ళడానికి టికెట్లు తీసుకున్నాను. వారం ముందు ఇద్దరూ మానుకున్నారు. నేనూ మానేస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు.

"నాకా భాష రాదు పిన్నీ."

"వచ్చిన భాషలో మాత్రం నువ్వు మాట్లాడి చచ్చిందెప్పుడు? పో."

వెళ్ళాను. మొదటి మూడు రోజులూ థాంక్యూ తప్ప మాట లేదు. హోటల్లో అడుగుపెట్టి మాంసం లేనిది కావాలని చెప్పలేక అరటిపళ్ళూ బిస్కెట్లూ తిన్నాను. మూడోనాటి సాయంత్రం ఫోన్ చేసి, "వచ్చేస్తా పిన్నీ" అన్నాను.

"ఇదిగో చూడు. బస్సులో చంటిబిడ్డతో ఒకామె నిలబడి ఉంటే నేనేం చేసేదాన్ని? బిడ్డను తీసి కూర్చున్నోళ్ళ ఒళ్ళో పెట్టేదాన్ని. దిగేలోపల ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు అయ్యేవోళ్ళు. సాయం చేస్తానంటే మనిషి అనుమానపడతాడే. అడిగితే చానా మురిసిపోతాడు. ఎవరికన్నా ఏదన్నా పని చెప్పు."

మర్నాడు సముద్రం పక్కన పోయే రైల్లో నా ఎదుట నా వయసు ఆమె పంపరపనస ఒలుచుకుంటోంది. గంటసేపు నాలో నేనే కొట్టుకుని, చివరికి ఫోన్లో తర్జుమా చేసి చూపించాను: మాంసం లేని అన్నం దొరికే చోటు పేరు మీ భాషలో రాసిస్తారా? ఆమె చదివి, పెన్ను తీసుకుని రాసింది. ఒక్క క్షణం ఆలోచించి కొట్టేసింది. పంపరపనసలో సగం నా చేతిలో పెట్టి, తనతో దిగమని సైగ చేసింది.

ఆమె బట్టలు కుట్టే మనిషి. వాళ్ళ కొట్టు ముందు చిన్న ప్లాస్టిక్ పీటల మీద, ఆమెతో పాటు కుట్టే మరో ముగ్గురితో కూర్చుని అన్నం తిన్నాను. తర్వాతి నాలుగు రోజులూ అక్కడే తిన్నాను. చివరి రోజు వీడియో కాల్ చేస్తే పిన్ని ఆమెతో అచ్చ తెలుగులో, "మా పిల్ల పలకదమ్మా, నువ్వే పలికించాలి" అంది. ఆమె తన భాషలో ఏదో చెప్పింది. పావుగంట ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ నన్ను కసురుకున్నారు. ఆనాటి నుంచి ఆ కుట్టే ఆమె వారానికోసారి నాకు "కో ఎలా ఉంది?" అని మెసేజ్ పెట్టేది. వాళ్ళ భాషలో కో అంటే మేనత్త; పిన్నిని అలా పిలిచేది.

పెద్దకర్మనాడు మాకెవరికీ తెలియని మనుషులు చాలామంది వచ్చారు. ముప్పాళ్ళ నుంచి ఒకామె, చిలకలూరిపేట నుంచి మిల్లులో చేసే ఇద్దరు. "మీరు ఆమెకు ఏమవుతారు?" అంటే, "బస్సెక్కేవోళ్ళం" అన్నారు. నేను విస్తళ్ళు వేశాను, నీళ్ళు పోశాను. నా చేతులు వాటంతట అవే పని చేశాయి.

వియత్నాం ఆమెకు చెప్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. రెండు ముక్కలు రాసి పంపాను. వెంటనే వీడియో కాల్ వచ్చింది. ఎత్తాను. ఆమె కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. ఇల్లు చూపించమని సైగ చేసింది. గోడ చుట్టూ తిరిగి వెళ్ళి పిన్ని వరండా చూపించాను, ఆ గడప మీదే కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఇక్కడ వరండాలో ఎండ తెల్లగా పడుతోంది. ఫోన్లో వాళ్ళ వీధిలో వాన మొదలైంది. ఆమె లేచి తలుపు ఓరగా వేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ వాన చప్పుడు పిన్ని వరండాలో చాలాసేపు వినబడింది.