వేలి కొసన గంజి

వెంకటనర్సు కోస్గిలో మా పక్కింట్లో చీరలు నేసేవాడు. మగ్గం మీది నూలు తెగకుండా దానికి జొన్నగంజి పట్టిస్తారు. ఆ గంజిని అతను రెండు వేళ్ల మధ్య రాసి చూసి, నూలు నిలుస్తుందో లేదో చెప్పేవాడు. పంతొమ్మిది వందల అరవైలలో వానలు పడని ఒక ఏడాది ఆ గంజిని ఇంటివాళ్లే తాగారు. మగ్గం ఆగిపోయింది.

ఊళ్లో తలా ఇన్ని జొన్నలు పోగేసి గంజి కేంద్రం పెట్టారు. రెండో నెలకు ఆ జొన్నలు ఇచ్చినవాళ్లే గిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. కుండలో నీళ్లు పెరిగాయి. పోసేవాళ్లను అనడానికి నాకు నోరు రాదు, వాళ్లూ అదే తాగారు.

ఒకరోజు భార్య ఉప్పలమ్మ అక్కడి నుంచి తెచ్చిన గంజిలో వెంకటనర్సు అలవాటుగా వేలు ముంచి, రాసి చూశాడు.

"గిది పట్టిస్తే నూలు తెగుతదే," అన్నాడు.

"నూలుకు తేలే. నీకు తెచ్చిన, తాగు," అన్నది ఉప్పలమ్మ.

తాగాడు. మర్నాడు కూడా గంజి వచ్చింది, ఇంకా పలచగా. ఈసారి వేలు ముంచలేదు. గిన్నె ఎత్తి తాగేశాడు.

మళ్లీ వానలు పడ్డాక మగ్గం ఎక్కాడు. గంజిలో మాత్రం మళ్లీ వేలు ముంచలేదు, చూడమని ఉప్పలమ్మను పిలిచేవాడు.