పొట్ట ఉన్న దుప్పటి

సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే ఉద్యోగం కాబట్టి వీధంతా ఆవిణ్ణి కండక్టరమ్మ అనే పిలిచేది. మనిషి నిక్కచ్చి. మెట్ల మీద వేలాడేవాళ్లని "లోపలికి జరగండి, లోపల ముళ్లేం పరచలేదు" అని ఒక్క కేకతో సర్దేసేది. బస్సు చివరి స్టాపులో ఆగిన కాసేపు మాత్రం వెనక సీట్లో కూర్చుని సంచిలోంచి ఊలుండా, క్రోషా సూదీ తీసేది. ఆవిడ అల్లిక కూడా ఆవిడలాగే బిగువు. చీమ దూరడానికి కూడా సందివ్వదని డ్రైవరు నవ్వేవాడు.

ఆ ఏడు ఆవిడ అల్లుతున్నది ఇంకా పుట్టని బిడ్డకి దుప్పటి. కనబోయేది మరిది కూతురు.

కండక్టరమ్మకి పిల్లలు లేరు. ఆవిడా భర్తా పై వాటాలో, మరిది కుటుంబం అదే ఇంట్లో కింది వాటాలో ఉండేవాళ్లు. తోడికోడలు బట్టలు కుట్టేది. పొద్దస్తమానం మిషను ముందే. అంచేత ఆ పిల్ల పెద్దమ్మ ఒళ్లోనే పెరిగింది. పెద్దమ్మ తినిపిస్తేనే తినేది, పెద్దమ్మ జడ వేస్తేనే బడికి కదిలేది. ఒకసారి పిల్లకి జ్వరమొచ్చింది. మందు ఎప్పుడు వేయాలన్న దగ్గర మొదలైన మాట పెరిగి పెరిగి, తోడికోడలు నోరు జారింది.

"కన్నదాన్ని నేను. కనకపోతే ఆ బాధ నీకేం తెలుస్తుంది?"

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. కండక్టరమ్మ మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. అన్నదమ్ములు మామూలుగానే ఉన్నారు. పిల్ల పైకీ కిందకీ తిరుగుతూనే పెద్దదై, పెళ్లి చేసుకుని, వేరే పేటలో కాపురం పెట్టింది. ఈ ఇద్దరాడవాళ్లే ఎదురుపడితే ఒకరు గోడ చూసేవారు, ఒకరు ఆకాశం చూసేవారు.

దుప్పటి సగానికి వచ్చిందనగా, వానకి తడిసిన బస్సు మెట్టు మీద జారి కండక్టరమ్మ కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు మోచేతి దాకా కట్టు వేసి, "ఇది విప్పేదాకా మీకు కుడి చెయ్యి లేదనుకోండి" అన్నాడు. విప్పేసరికి పిల్లకి నెలలు నిండుతాయి. భర్త పాపం తను అల్లుతానని సూది పట్టుకున్నాడు. పూటంతా కష్టపడి ఒక చిక్కుముడి వేశాడు. దాన్ని విప్పడానికి ఇంకో పూట పట్టింది.

"ఇక బీరువాలో పడేయండి. బజార్లో దొరకవా ఏమిటి దుప్పట్లు!" అంది ఆవిడ. అంటూనే ఆ సంచి ఎడం చేత్తో దగ్గరికి లాక్కుంది.

మర్నాడు సాయంత్రం గుమ్మంలో అలికిడైంది. చూస్తే తోడికోడలు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"బావగారూ, ఆ ఊలు సంచి ఇటిమ్మనండి" అంది.

కండక్టరమ్మ కిటికీ వైపు తిరిగి, "అల్లడం గుర్తుందో లేదో అడగండి" అంది భర్తతో.

"ఇద్దరికీ నేర్పింది ఒకే అత్తగారని చెప్పండి."

"నేర్పింది ఒకరే. చేతులు ఒకటి కావని చెప్పండి."

ఆయన అటూ ఇటూ తల తిప్పలేక, "నేను మనిషినా, మైకునా?" అంటూ సంచి తెచ్చి మరదలి చేతిలో పెట్టాడు. కండక్టరమ్మ వద్దనలేదు.

ఆ తర్వాత ఆవిడకి రోజంతా చెవులు కిందే ఉండేవి. మిషను చప్పుడు ఆగిందంటే ఊలు పట్టుకుందన్నమాట. 'వరుస చివర కుట్టు వదిలేస్తుందేమో, కాపురానికొచ్చినప్పట్నుంచీ పరధ్యానం మనిషి' అని లోలోపల సణుక్కునేది.

కట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన రోజున తలుపు గడియకి సంచి వేలాడుతోంది. దుప్పటి పూర్తయింది. ఆవిడ మంచం మీద పరిచింది. తను అల్లిన సగం గీత గీసినట్టు తిన్నగా ఉంది. తోడికోడలు మొదలుపెట్టిన చోట మాత్రం దుప్పటి రెండు వైపులకీ ఉబ్బింది. వదులు చెయ్యి కదా. భోజనం చేసి పడుకున్న మనిషికిలాగా దుప్పటికి పొట్ట వచ్చింది.

"ఇదేం అల్లికండీ! మొత్తం విప్పి మళ్లీ అల్లాలి" అని కొస వెతికి పట్టుకుంది.

లాగబోయి ఆగింది. పొట్ట కింద నుంచి దుప్పటి మళ్లీ సన్నబడుతూ వచ్చింది. ఒక్కసారిగా కాదు, వరుస వరుసకీ కాస్త కాస్తగా. చివరి వరుసలు ఎవరివో ఆవిడే చెప్పలేకపోయింది. అచ్చం తన బిగువే. వదులు చేతివాళ్లు అంత బిగించి లాగాలంటే ఎంత అవస్థో అల్లేవాళ్లకే తెలుస్తుంది.

కొస వదిలేసింది. దుప్పటి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

తోడికోడలు మిషను ముందు ఉంది. ఎడమ చూపుడు వేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

"వేలికేమైంది?" అంది కండక్టరమ్మ. ఆ మాట సూటిగా ఆమెతోనే అంది. గదిలో మూడో మనిషి లేరు.

"నీతో సమానంగా లాగుదామని చూశానక్కా. ఊలు కోసేసింది."

"వదులుగానే అల్లుకుపోవాల్సింది."

"పోతే నువ్వూరుకుంటావా? మొత్తం విప్పేస్తావు." తోడికోడలు తల దించుకుంది. "అక్కా, ఆ రోజు నేనన్న మాట..."

"ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోతానని నీతో అబద్ధం చెప్పను కూడా. కానీ నీ మిషను చప్పుడు ఓ పూట వినపడకపోతే ఒంట్లో ఎలా ఉందో అని పైన నాకు ముద్ద దిగదు. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను. ఇక నా వల్ల కాదు."

తోడికోడలు స్టూలు మీది బట్టలు తీసి కింద పెట్టి, "కూర్చో" అంది. కాసేపయ్యాక, అంచుకి ఏ రంగు వేయాలన్న దగ్గర ఇద్దరూ మళ్లీ వాదించుకున్నారు. పసుపే అని ఒకరు, మాపు ఓర్చుకునేది వెయ్యాలని ఒకరు. చివరికి పసుపే గెలిచింది. కండక్టరమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగక, ఒక వైపు ఆవిడ, మూడు వైపులా తోడికోడలు అల్లారు.

ఆడపిల్ల పుట్టింది. బాలింత దుప్పటి విప్పి చూసి పకపకా నవ్వింది.

"ఇదేంటి పెద్దమ్మా, దీనికి పొట్టేంటి?"

"మొన్నటిదాకా నీకు లేదేంటే?" అంది కండక్టరమ్మ.

పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంటుంటే పక్కనుంచి తోడికోడలు, "తల కింద చెయ్యి పెట్టక్కా" అంది. అని వెంటనే నాలిక కరుచుకుంది. ఒకప్పుడైతే ఆ మాట ముల్లై దిగేది. ఆ క్షణాన అసలు గుచ్చుకోలేదని కూడా చెప్పలేం. కండక్టరమ్మ చెయ్యి సర్దుకుంది.

"ఇలాగేనా?"

"ఆఁ, ఇంకాస్త పైకి."

పిల్ల మూతి ముడిచి, ఆవులించి, నిద్రలోకి జారుకుంది. వాళ్లిద్దరూ దాని ముక్కు ఎవరి పోలికో తేల్చుకునే పనిలో పడ్డారు.